భుజపు కాల్సిఫిక్ టెండినైటిస్

భుజపు కాల్సిఫిక్ టెండినైటిస్ అనేది భుజపు కీలు చుట్టూ ఉండే స్నాయువులలో కాల్షియం లవణం పేరుకొనడం వలన కలిగే వ్యాధి. కండరాన్ని ఎముకతో కలిపే గట్టి పీచు పట్టీని స్నాయువు లేదా టెండన్ అంటారు. స్నాయువులో కలిగే తాపాన్ని టెండినైటిస్ అంటారు. కాల్షియం నిలువలతో కూడినది కాబట్టి దీనికి కాల్సిఫిక్ టెండినైటిస్ అనే పేరు వచ్చింది. వ్యాధి సాగే కాలంలో చాలా భాగం తాపం లేకుండానే గడుస్తుంది కనుక ఇటీవలి వైద్య గ్రంథాలలో కాల్సిఫిక్ టెండినోపతి అనే పేరు ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ వ్యాధికి ఒక ప్రత్యేకత ఉంది. పేరుకొన్న కాల్షియాన్ని చాలామందిలో శరీరమే తిరిగి కరిగించుకొంటుంది. అలా కరిగించే దశలోనే నొప్పి అత్యధికంగా ఉంటుంది. కనుక నొప్పి హఠాత్తుగా పెరిగినంత మాత్రాన వ్యాధి ముదిరిందని భావించరాదు. నొప్పిని అదుపు చేయడం, భుజం బిగుసుకొనిపోకుండా కాపాడడం, కాల్షియం తనంతట తాను పోక బాధ కొనసాగినప్పుడు మాత్రమే దానిని తొలగించే మార్గం చూడడం ఈ వ్యాధి చికిత్సలో ముఖ్యమైన అంశాలు.

భుజపు నిర్మాణం

భుజపు కీలు బంతిగిన్నె కీలు. దండచేతి ఎముక పైకొన బంతివలె గుండ్రంగా ఉండి, రెక్క ఎముకలోని లోతు తక్కువైన గుంటలో తిరుగుతుంది. గుంట లోతు తక్కువ కావడం వలన చేయి అన్ని వైపులకూ తిరుగగలదు. కాని అదే కారణం చేత కీలు స్థిరంగా ఉండడానికి కండరాల సాయం అవసరమవుతుంది. ఆ పని చేసే నాలుగు కండరాలు సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టీరీస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. వీటి స్నాయువులు కలిసి బంతిని చుట్టి పట్టుకొంటాయి. ఈ అమరికను రొటేటర్ కఫ్ అంటారు.

రొటేటర్ కఫ్‌కు పైన రెక్క ఎముక కొన ఒక చూరులాగా ఉంటుంది. దీనిని ఆక్రోమియన్ అంటారు. చూరుకు, స్నాయువుకు నడుమ బర్సా అనే పలుచని ద్రవసంచి ఉండి రాపిడిని తగ్గిస్తుంది. చేయి పైకెత్తినపుడు సుప్రాస్పైనేటస్ స్నాయువు ఈ ఇరుకు చోటులో కదులుతుంది. కాల్షియం ఎక్కువగా పేరుకొనేది ఈ స్నాయువులోనే. అది ఎముకకు అతికే చోటికి కొద్దిగా ముందు నిలువ చేరుతుంది.

చరిత్ర

ఫ్రాన్స్ దేశపు శస్త్రవైద్యుడు సిమోన్ ద్యుప్లే 1872లో భుజపు కీలు చుట్టూ ఉండే మెత్తని కణజాలం వలన కలిగే నొప్పిని, బిగువును వర్ణించాడు. ఎక్స్‌రే కనుగొనబడిన తరువాత భుజంలోని కాల్షియం నిలువలు వైద్యుల కంటపడ్డాయి. మొదట అవి బర్సాలో ఉన్నాయని భావించేవారు. అవి స్నాయువులోనే పుడతాయని అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ స్పష్టం చేశాడు. భుజాన్ని గురించి ఆయన వ్రాసిన గ్రంథం 1934లో వెలువడింది. నేటికీ వాడుకలో ఉన్న లోలకపు వ్యాయామాన్ని కాడ్‌మన్ వ్యాయామం అని కూడా పిలుస్తారు.

1941లో బాస్‌వర్త్ అనే అమెరికన్ వైద్యుడు 6,061 మంది వ్యక్తుల రెండు భుజాలనూ, అంటే మొత్తం 12,122 భుజాలను పరీక్షించి, 2.7 శాతం మందిలో కాల్షియం నిలువలు ఉన్నట్లు ప్రకటించాడు. వీరిలో చాలామందికి అప్పటికి ఏ బాధా లేదు. ఎక్స్‌రేలో కాల్షియం కనిపించడం వేరు, దాని వలన నొప్పి కలగడం వేరు అని ఈ పరిశీలన తెలియజేసింది. కెనడాలో హాన్స్ ఉథాఫ్, ఆయన సహచరులు 1970ల నుండి చేసిన పరిశోధనలు ఈ వ్యాధి కణాల స్థాయిలో దశలవారీగా సాగుతుందని చూపాయి.

కారణాలు

ఈ వ్యాధి ఎక్కువగా 30 నుండి 60 ఏళ్ళ మధ్య వయస్కులలో కనిపిస్తుంది. పురుషులకంటే స్త్రీలలో ఎక్కువ. మధుమేహం, థైరాయిడ్ గ్రంథి లోపాలు ఉన్నవారిలో దీనిని తరచుగా గుర్తించారు. కొందరిలో రెండు భుజాలలోనూ నిలువలు ఉంటాయి.

మూలకారణం పూర్తిగా నిర్ధారణ కాలేదు. స్నాయువు అరిగిపోవడమే కారణమని పూర్వం భావించేవారు. అయితే అరుగుదల వ్యాధులు వయసుతోపాటు పెరుగుతూ పోతాయి, వాటంతట అవి మానవు. ఈ వ్యాధి నడివయసులో వచ్చి, తరచుగా దానంతట అదే మానుతుంది. అందువలన స్నాయువులోని కొన్ని కణాలు మృదులాస్థి కణాలను పోలిన కణాలుగా మారి, తమ చుట్టూ కాల్షియం స్ఫటికాలను నిలువ చేస్తాయనే ఉథాఫ్ వివరణకు ఆదరణ లభించింది. ఈ స్ఫటికాలు హైడ్రాక్సీ ఎపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ జాతికి చెందినవి. ఎముకలలోను, పళ్ళలోను ఉండే ఖనిజం కూడా ఇదే జాతిది.

వ్యాధి దశలు

ఉథాఫ్ వర్గీకరణ ప్రకారం ఈ వ్యాధిలో మూడు దశలు ఉన్నాయి.

1. కాల్షియానికి పూర్వదశ: స్నాయువులో కొంత భాగం మృదులాస్థిని పోలిన కణజాలంగా మారుతుంది. ఈ దశలో సాధారణంగా బాధ ఉండదు. ఎక్స్‌రేలోనూ ఏమీ కనిపించదు.

2. కాల్షియం దశ: ఇది తిరిగి మూడు భాగాలు. ఏర్పడే కాలంలో స్ఫటికాలు చేరుతూ ముద్దగా మారుతాయి. విశ్రాంతి కాలంలో ఆ ముద్ద సుద్దలాగా పొడిగా, గట్టిగా ఉండి నెలలు లేదా సంవత్సరాలు నిలిచిపోవచ్చు. చివరిదైన కరిగే కాలంలో ముద్ద చుట్టూ కొత్త రక్తనాళాలు పుట్టి, భక్షక కణాలు వచ్చి స్ఫటికాలను మ్రింగివేయడం ప్రారంభిస్తాయి. అప్పుడు సుద్దవంటి ముద్ద టూత్‌పేస్టు వలె మెత్తబడుతుంది. స్నాయువులో ఒత్తిడి పెరుగుతుంది. కొన్నిసార్లు మెత్తబడిన కాల్షియం బర్సాలోకి చిమ్మి అక్కడ తీవ్రమైన తాపం కలిగిస్తుంది. భరించరాని నొప్పి కలిగేది ఈ కాలంలోనే.

3. కాల్షియం తరువాతి దశ: కాల్షియం ఖాళీ చేసిన చోటును కొత్త పీచు కణజాలం నింపుతుంది. స్నాయువు తిరిగి బలపడడానికి నెలలు పడుతుంది.

అందరిలోనూ ఈ దశలు ఒకే వేగంతో నడవవు. కొందరిలో వ్యాధి విశ్రాంతి కాలంలోనే ఏళ్ళ తరబడి ఆగిపోతుంది. ఒకే భుజంలో వేరువేరు దశలలో ఉన్న నిలువలు కూడా ఉండవచ్చు.

లక్షణాలు

లక్షణాలు దశను బట్టి మారుతాయి. విశ్రాంతి కాలంలో కొందరికి ఏ బాధా ఉండదు. కొందరికి చేయి పక్కకు ఎత్తేటపుడు, భుజం ఎత్తుకు చేరే సమయంలో నొప్పి కలుగుతుంది. తల దువ్వుకొనడం, అటక మీది వస్తువును దించడం, చొక్కా తొడుక్కొనడం, బస్సులో పైకమ్మీ పట్టుకొని నిలబడడం కష్టమవుతాయి. నొప్పి భుజం బయటివైపు నుండి దండచేయి మధ్యవరకు పాకుతుంది. రాత్రిపూట ఆ వైపుకు ఒత్తిగిలి పడుకొంటే నిద్రాభంగమవుతుంది.

కరిగే కాలంలో నొప్పి కొన్ని గంటలలోనే తీవ్రమవుతుంది. రోగి చేతిని పొట్టకు ఆనించి రెండవ చేతితో పట్టుకొని వస్తాడు, కదపనివ్వడు. ముందురోజు దెబ్బ ఏదీ తగలకపోయినా ఎముక విరిగినంత బాధ ఉంటుంది. ఈ తీవ్రత సాధారణంగా కొన్ని రోజుల నుండి రెండు మూడు వారాలలో తగ్గుముఖం పడుతుంది.

వ్యాధి నిర్ధారణ

సాధారణ ఎక్స్‌రే చాలావరకు సరిపోతుంది. చేతిని లోపలికి, బయటికి త్రిప్పి తీసిన చిత్రాలలో కాల్షియం ఏ స్నాయువులో ఉందో తెలుస్తుంది. అంచులు స్పష్టంగా ఉండి దట్టంగా కనిపించే నిలువ విశ్రాంతి కాలానికి, మబ్బు తునకలాగా అంచులు చెదిరి పలుచగా కనిపించే నిలువ కరిగే కాలానికి గుర్తులు. అల్ట్రాసౌండ్ పరీక్షలో నిలువ పరిమాణం, మెత్తదనం, బర్సా వాపు, స్నాయువు చిరుగులు తెలుస్తాయి. ఎమ్మారై పరీక్ష అందరికీ అవసరం లేదు. స్నాయువు తెగిందనే అనుమానం ఉన్నపుడు, శస్త్రచికిత్సకు ముందు దానిని చేయిస్తారు.

భుజపు నొప్పికి ఇతర కారణాలు అనేకం ఉన్నాయి. ఫ్రోజెన్ షోల్డర్‌లో వైద్యుడు కదిపినా చేయి తిరగదు. మెడ ఎముకల మధ్య నరం నొక్కుకొంటే నొప్పితోపాటు తిమ్మిరి చేతివేళ్ళ వరకు పాకవచ్చు. కీలులో చీము పట్టినపుడు జ్వరం, ఎరుపు, వేడి ఉంటాయి. గుండెపోటు నొప్పి కూడా భుజానికి పాకవచ్చు. ఎక్స్‌రేలో కాల్షియం కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని నిశ్చయించకుండా రోగిని పూర్తిగా పరీక్షించవలసి ఉంటుంది.

చికిత్స

చికిత్సను సులభమైన పద్ధతులతో ప్రారంభించి, అవసరాన్ని బట్టి తరువాతి మెట్టుకు వెళ్తారు. శస్త్రచికిత్స అవసరం కొద్దిమందికే కలుగుతుంది.

నొప్పి ఉపశమనం: ఐబూప్రోఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు తాపాన్ని, నొప్పిని తగ్గిస్తాయి. అవి కాల్షియాన్ని కరిగించవు. కడుపులో పుండ్లు, మూత్రపిండాల వ్యాధి, గుండెజబ్బు ఉన్నవారు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు, గర్భిణులు వీటిని వైద్యుని సలహా లేకుండా వాడరాదు. తీవ్రమైన నొప్పి ఉన్నపుడు బట్టలో చుట్టిన మంచుగడ్డను 10 నుండి 15 నిమిషాలు పెట్టవచ్చు. చేతికి పట్టీ కట్టుకొనడం ఒకటి రెండు రోజులకే పరిమితం కావాలి. ఎక్కువ రోజులు కడితే కీలు బిగుసుకొంటుంది.

స్టీరాయిడ్ ఇంజెక్షన్: బర్సాలోకి స్టీరాయిడ్ మందును మత్తుమందుతో కలిపి ఇస్తే తీవ్రమైన నొప్పి త్వరగా తగ్గుతుంది. ఈ ప్రయోజనం కొన్ని వారాలపాటు ఉంటుంది. మధుమేహం ఉన్నవారిలో కొన్ని రోజులపాటు రక్తంలో చక్కెర పెరుగుతుంది కనుక పరీక్షించుకొంటూ ఉండాలి. పలుమార్లు ఇస్తే స్నాయువు బలహీనపడే అవకాశం ఉన్నందున ఈ ఇంజెక్షన్లను పరిమితంగానే ఇస్తారు.

అల్ట్రాసౌండ్ చికిత్స: ఇది పరీక్షకు వాడే అల్ట్రాసౌండ్ కాదు, భౌతికచికిత్సలో శబ్దతరంగాలను కణజాలంలోకి పంపే పద్ధతి. 1999లో ఆస్ట్రియా వైద్యులు ప్రచురించిన పరిశోధనలో, 15 నిమిషాల చొప్పున 24 పర్యాయాలు ఈ చికిత్స పొందినవారికి, ఉత్తుత్తి చికిత్స పొందినవారికంటే ఆరు వారాల చివర ఎక్కువ ఉపశమనం కలిగింది. తొమ్మిది నెలలు గడిచేసరికి నొప్పి విషయంలో ఇరువర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా మిగలలేదు.

షాక్‌వేవ్ చికిత్స: మూత్రపిండాలలోని రాళ్ళను శరీరం బయటి నుండి పగులగొట్టడానికి 1980లో జర్మనీలో తొలిసారి వాడిన ఆఘాత తరంగాల పద్ధతిని తరువాత స్నాయువులకూ వర్తింపజేశారు. 2003లో ప్రచురితమైన జర్మన్ పరిశోధనలో 144 మందిని మూడు వర్గాలుగా విభజించగా, అధికశక్తి తరంగాలు పొందినవారికి మిగిలినవారికంటే ఎక్కువ మేలు కలిగింది. చికిత్స సమయంలో నొప్పి, తరువాత చర్మం కమిలిపోవడం సాధారణం. గర్భిణులకు, రక్తస్రావపు లోపాలు ఉన్నవారికి, ఆ చోట గడ్డలు గాని చీము గాని ఉన్నవారికి దీనిని ఇవ్వరు.

సూదితో కడగడం: దీనిని బార్బొటాజ్ అంటారు. మత్తుమందు ఇచ్చిన తరువాత, అల్ట్రాసౌండ్ తెరపై చూస్తూ నిలువలోకి సూది గుచ్చి, ఉప్పునీటిని ఎక్కించి వెనుకకు లాగుతారు. మెత్తని కాల్షియం పాలవంటి నీరుగా బయటికి వస్తుంది. గట్టి నిలువలో ఇది కష్టం. చివరలో సాధారణంగా బర్సాలోకి స్టీరాయిడ్ ఇస్తారు. కొందరికి తరువాతి వారాలలో నొప్పి తాత్కాలికంగా తిరిగి వస్తుంది.

ఈ పద్ధతి ఎంతోకాలంగా వాడుకలో ఉన్నా, దాని ప్రయోజనంపై 2023లో వెలువడిన ఒక పరిశోధన ప్రశ్నలు లేవనెత్తింది. నార్వే, స్వీడన్ దేశాల ఆసుపత్రులలో 220 మందిని మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి కడగడంతోపాటు స్టీరాయిడ్, రెండవ వర్గానికి ఉత్తుత్తి కడగడంతోపాటు స్టీరాయిడ్, మూడవ వర్గానికి ఉత్తుత్తి కడగడంతో మత్తుమందు మాత్రమే ఇచ్చారు. నాలుగు నెలల తరువాత మూడు వర్గాల ఫలితాలలో గణనీయమైన తేడా కనిపించలేదు. స్టీరాయిడ్ పొందినవారికి తొలివారాలలో మాత్రం ఉపశమనం ఎక్కువగా ఉన్నది. కాలక్రమేణా వ్యాధి దానంతట అది తగ్గే స్వభావం గలది కనుక, పోల్చిచూచే వర్గం లేకుండా ఏ చికిత్స గొప్పతనాన్నీ నిర్ణయించడం సాధ్యం కాదని ఇటువంటి పరిశోధనలు తెలుపుతున్నాయి.

శస్త్రచికిత్స: కనీసం ఆరు నెలలు ఇతర పద్ధతులు అనుసరించినా నొప్పి తగ్గక, దైనందిన జీవితానికి ఆటంకం కలుగుతున్నపుడు శస్త్రచికిత్సను ఆలోచిస్తారు. చిన్న రంధ్రాల ద్వారా ఆర్థ్రోస్కోప్ అనే గొట్టాన్ని పంపి, నిలువను గుర్తించి తొలగిస్తారు. ఖాళీ అయిన గుంట పెద్దదైతే స్నాయువును కుడతారు. పూర్తిగా కోలుకొనడానికి కొన్ని నెలలు పడుతుంది. భుజం బిగుసుకొనిపోవడం దీని తరువాత కలిగే ముఖ్యమైన ఇబ్బంది.

పునరావాసం

మందుల వలన నొప్పి తగ్గినా, వాడకుండా ఉంచిన భుజం బిగుసుకొని, కండరాలు సన్నబడతాయి. చేయిని తిరిగి పనిలోకి తేవడమే పునరావాసం. ఇది మూడు మెట్లుగా సాగుతుంది. ఏ మెట్టు ఎన్ని రోజులనేది క్యాలెండరు ప్రకారం గాక నొప్పి, కదలికల ప్రకారం నిర్ణయమవుతుంది.

మొదటి మెట్టు - తీవ్రమైన నొప్పి కాలం: భుజానికి విశ్రాంతి ఇస్తూనే వేళ్ళు, మణికట్టు, మోచేయి రోజూ పలుమార్లు కదపాలి. వెల్లకిల పడుకొన్నపుడు మోచేతి క్రింద మడిచిన తువాలు పెట్టుకొంటే భుజం వెనుకకు జారదు. పక్కకు పడుకొనేవారు బాగున్న వైపు ఒత్తిగిలి, నొప్పిగా ఉన్న చేతిని దిండుపై ఆనించాలి. నొప్పి కొంత సడలగానే లోలకపు వ్యాయామం మొదలుపెట్టవచ్చు. బాగున్న చేతిని బల్లపై ఆనించి, నడుము వంచి, రెండవ చేతిని వ్రేలాడవిడవాలి. శరీరాన్ని మెల్లగా ఊపితే చేయి గడియారపు లోలకంవలె ముందుకు వెనుకకు, పక్కలకు, చిన్న వలయాలుగా ఊగుతుంది. భుజపు కండరంతో చేతిని ఎత్తరాదు. ఒకటి రెండు నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు చేయవచ్చు.

రెండవ మెట్టు - కదలికను తిరిగి పొందడం: కుర్చీలో కూర్చొని, బల్లపై తువాలు పరచి, దానిపై చేయి ఉంచి ముందుకు జరపాలి. వెల్లకిల పడుకొని రెండు చేతులతో కర్ర పట్టుకొని, బాగున్న చేతి బలంతో రెండవ చేతిని పైకి, బయటికి నెట్టాలి. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో ప్రాకుతూ చేతిని పైకి చేర్చాలి. రెక్క ఎముకలను వెనుకకు, కొంచెం క్రిందికి లాగి కొద్దిక్షణాలు నిలపడం కూడా ఈ మెట్టులోనే నేర్పుతారు. రెక్క ఎముక సరిగా తిరగకపోతే చేయి ఎత్తినపుడు స్నాయువు చూరు క్రింద మరింత నలుగుతుంది.

మూడవ మెట్టు - బలం పెంచడం: మొదట కదలిక లేని వ్యాయామాలు చేయిస్తారు. మోచేతిని ప్రక్కటెముకలకు ఆనించి 90 డిగ్రీలు వంచి, అరచేతిని గోడకు లేదా గుమ్మానికి ఆనించి మెల్లగా 5 నుండి 10 సెకన్లు నెట్టాలి. తరువాత రబ్బరు పట్టీతో చేతిని లోపలికి, బయటికి త్రిప్పే వ్యాయామాలు, తేలికపాటి బరువులు వస్తాయి. 10 నుండి 15 సార్ల చొప్పున, రోజు విడిచి రోజు చేయడం మంచిది. తల కంటే ఎత్తులో చేసే పనులు, బరువులు విసరడం, ఆటలు చివరన ప్రారంభించాలి.

వ్యాయామంలో కొద్దిపాటి నొప్పి సహజం. అది త్వరలో తగ్గి, మరునాటి ఉదయానికి భుజం మునుపటివలె ఉంటే ఆ మోతాదు సరిపోయినట్లే. రాత్రి నిద్రపట్టనంతగా నొప్పి పెరిగితే మోతాదు తగ్గించాలి గాని పూర్తిగా మానివేయరాదు. స్నాయువును కుట్టిన శస్త్రచికిత్స తరువాత మాత్రం శస్త్రవైద్యుడు అనుమతించేవరకు చేతిని స్వశక్తితో ఎత్తరాదు. ఈ వ్యవధి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు.

ఆహారం, అపోహలు

స్నాయువులో కాల్షియం చేరిందని తెలియగానే పాలు, పెరుగు, రాగులు మానివేసేవారు ఉన్నారు. ఆహారంలోని కాల్షియం వలన ఈ వ్యాధి వస్తుందనడానికి ఆధారం లేదు. సాధారణంగా ఈ రోగుల రక్తంలో కాల్షియం ప్రమాణం మామూలుగానే ఉంటుంది. నిలువ ఏర్పడడం స్నాయువులోని కణాలకు సంబంధించిన స్థానిక మార్పు. పాలు మానడం వలన నిలువ కరగదు సరికదా, వయసు మళ్ళిన స్త్రీలలో ఎముకలు బలహీనపడవచ్చు. వైద్యుడు ఎముకల కొరకు వ్రాసిన కాల్షియం మాత్రలను తనను అడగకుండా ఆపరాదు. మధుమేహం, థైరాయిడ్ లోపాలు ఉన్నవారు వాటిని అదుపులో ఉంచుకొనాలి. నొప్పిగా ఉన్న భుజాన్ని బలంగా మర్దన చేయించడం, గుంజి లాగించడం కరిగే కాలంలో బాధను పెంచుతాయి.

వైద్యుని వెంటనే సంప్రదించవలసిన సందర్భాలు

భుజపు నొప్పితోపాటు ఈ క్రింది లక్షణాలు ఉంటే ఇంటివైద్యంతో కాలయాపన చేయరాదు.

* జ్వరం, భుజం ఎర్రబడి వేడిగా ఉండడం
* ఛాతీలో బిగువు, ఆయాసం, చెమటలు
* పడిన తరువాత చేయి ఎత్తలేకపోవడం
* చేతిలో తిమ్మిరి లేదా బలహీనత పెరుగుతూ ఉండడం
* అకారణంగా బరువు తగ్గడం, లేదా క్యాన్సర్ చికిత్స పొంది ఉండడం

ఫలితం

చాలామంది శస్త్రచికిత్స లేకుండానే కోలుకొంటారు. అయితే కాలవ్యవధి ఒక్కొక్కరిలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. కొందరికి తీవ్రమైన నొప్పి వచ్చిన కొద్ది వారాలలోనే ఎక్స్‌రేలో నిలువ మాయమవుతుంది. కొందరికి ఏళ్ళ తరువాత కూడా కొంత నొప్పి, కొంత బిగువు మిగిలిపోతాయి. కాల్షియం పూర్తిగా పోయినా స్నాయువు బలపడడానికి సమయం పడుతుంది. కాల్షియం కొంత మిగిలినా నొప్పి లేకుండా ఉండవచ్చు. కాబట్టి చికిత్స ఫలితాన్ని ఎక్స్‌రే చిత్రంతో మాత్రమే గాక, రోగి రాత్రి నిద్రపోగలుగుతున్నాడా, తన పనులు తాను చేసుకోగలుగుతున్నాడా అనే అంశాలతో అంచనా వేస్తారు.